జయపుర నుంచి సిలాంగిత్‌కు ఆరు గంటలట

సిమామోరా కుటుంబం నిరుడు అచ్చువేసిన స్మారక పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఈ వాక్యం ఉంది: "పతార్ సిమామోరా మేనమామ అయిన మంగాసి మర్బున్ జయపుర నుంచి రావడానికి ఇష్టపడనందున, పెద్దల అనుమతితో మరొక మర్బున్ ఆ బాధ్యత నెరవేర్చారు." ఆ వాక్యంలో మనుషుల పేర్లూ ఊరి పేరూ మాత్రమే నిజం. మంగాసి ప్రయాణం చేసిన మూడు విమానాల బోర్డింగ్ చీటీలు నా దగ్గరున్నాయి. ఆయన పక్క సీట్లలో కూర్చున్నది నేనే కాబట్టి నావి మూడు కూడా ఉన్నాయి. జిల్లా కోర్టులో ముప్ఫై మూడేళ్లు రికార్డు గుమాస్తాగా పనిచేసిన నాకు కాగితం చేతిలో లేకుండా మాట్లాడే అలవాటు లేదు. అచ్చులో పడిన అబద్ధానికి రాతలోనే సమాధానం ఉండాలి కనుక, ఆ మనిషి ఎవరో, ఆయనకు జరిగినదేమిటో తేదీలతో సహా రాసిపెడుతున్నాను.

మంగాసి 1954లో సుమత్రా దీవిలో దొలోక్‌సంగ్గుల్ దగ్గరి కొండపల్లెలో పుట్టాడు. తండ్రి సాంబ్రాణి చెట్లకు గాట్లుపెట్టి బంక తీసేవాడు. ఇంట్లో ఇద్దరే పిల్లలు: అక్క తియార్మా, తమ్ముడు మంగాసి. అక్క సిమామోరా వాళ్లింటికి కోడలిగా వెళ్లింది. తమ్ముడు పాతికేళ్ల వయసులో ఓడెక్కి, తొమ్మిది రోజుల తరువాత దేశానికి ఈ చివరన జయపుర రేవులో దిగాడు. దిగిన నెలలోపే సెంతానీ విమానాశ్రయంలో సరుకుల గిడ్డంగి కాటా దగ్గర ఉద్యోగం దొరికింది. కొండల మీది ఊళ్లకు వెళ్లే బియ్యం బస్తాలు, రేకులు, మేకులు, పందిపిల్లలు, ఒక్కోసారి మనుషులు కూడా ఆ కాటా ఎక్కి దిగేవారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆయన అదే కాటా ముందు నిలబడ్డాడు. కంపెనీలు మారాయి, కాటాలు మారాయి, మంగాసి మారలేదు. పెళ్లయింది గాని పిల్లలు కలగలేదు. భార్య 2012లో పోయింది.

గిడ్డంగి గుమాస్తాలందరికీ విమానాల వేళలు తెలుసు. మంగాసికి తెలిసింది వేళలు కాదు, ప్రయాణం. ఈ తేడా ఎంత పెద్దదో జయపురలో స్థిరపడ్డ మా బాతాక్ తెగ కుటుంబాలకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. మేము ఈ చివర ఉంటాం, మా మేనమామలంతా ఆ చివర సుమత్రాలో ఉంటారు. మగవాడు చనిపోతే పెట్టె మూసే ముందు మేనమామ వచ్చి, తన చేతులతో మేనల్లుడి మీద ఉలోస్ కప్పాలి. ఆ నేత వస్త్రం ఎంత విలువైనదని ఎవరూ అడగరు, కప్పిన చేతులు ఎవరివని అడుగుతారు. ఆయన వస్తున్నాడంటే ఇల్లంతా ఆగుతుంది. రాకపోతే ఆ ఇంటితో సంబంధం వద్దన్నాడనే అర్థం. అందుచేత ఇక్కడ ఎవరి ఇంట్లో చావు జరిగినా, డాక్టరు అటు వెళ్లగానే ఇటు ఒకడు సెంతానీ బయలుదేరేవాడు, మేనమామ రావడానికి ఎన్ని గంటలు పడుతుందో మంగాసిని అడగడానికి.

ఒకసారి నేను అక్కడే ఉన్నాను. అబేపుర నుంచి వచ్చిన మనిషి చెమటలు తుడుచుకుంటూ అడిగాడు.

"లాయే, మా తమ్ముడి మేనమామది సిదికలాంగ్. రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడు కదా?"

మాలో మగవాళ్లం ఒకరినొకరు లాయే అనుకుంటాం, బావ అన్నట్టు.

"వాళ్ల ఊళ్లో మెదాన్ విమానాశ్రయం బస్సు ఎన్నింటికి?" అన్నాడు మంగాసి, కాటా మీంచి చూపు తిప్పకుండా.

"నాకేం తెలుసు?"

"ఆయన మోకాళ్లు బాగున్నాయా?"

"మోకాళ్లతో ఏం పని? విమానంలో కదా వచ్చేది."

"మకాస్సర్‌లో విమానం మారాలి. నలభై నిమిషాలే టైము. పరిగెత్తగలిగినవాడికి ఒక విమానం, పరిగెత్తలేనివాడికి ఇంకో విమానం. చెప్పు, ఎలా ఉన్నాయి?"

"మోకాళ్లు కొంచెం..."

"అయితే ఎల్లుండి పొద్దున తొమ్మిది. ఐసు రెండు రోజులకి సరిపడా చెప్పుకో."

సరుకు మీద కట్టే అట్టముక్క వెనుక నాలుగు వరుసలు రాసి ఇచ్చేవాడు. ఫోను పెట్టేసిన నిమిషం నుంచి గడపలో కాలు పెట్టే నిమిషం దాకా ఆయన లెక్క. మధ్యలో బస్సు, ఎదురుచూపు, తప్పిపోయే విమానం, గడియారం ముందుకు తిప్పుకోవడం అన్నీ అందులోకి వచ్చేవి. మాకూ వాళ్లకూ రెండు గంటల తేడా ఉంది. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ ఏడు. ఆయన రాసిచ్చిన అట్టముక్కలు ముప్ఫైకి పైగా సేకరించి దాచాను. మేనమామలు వచ్చిన వేళలు వాటి వెనుక నేను రాసుకున్నాను. ఎక్కువలో ఎక్కువ తేడా గంటా ఇరవై నిమిషాలు.

2004లో కోటరాజా పేటలో ఒక చావు ఇంట్లో మేనమామ మూడో రోజుకు గాని చేరలేని పరిస్థితి వచ్చింది. ఎండలు మండుతున్నాయి. పాస్టరు తొందరపడ్డాడు. మంగాసి మాట్లాడకుండా వెళ్లి వడ్రంగి దగ్గర మేకుల డబ్బా, సుత్తి తీసుకుని పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు.

"మంగాసిగారూ, వాతావరణం చూస్తున్నారు కదా," అన్నాడు పాస్టరు.

"మేకులు నా దగ్గరున్నాయండి, ప్రార్థన మీ దగ్గరుంది. ముందు మీది కానివ్వండి, పెద్దదే చదవండి."

మూడో రోజు పదకొండు గంటలకు ఆ మేనమామ వచ్చి ఉలోస్ కప్పిన తరువాతే డబ్బా వడ్రంగి చేతికి తిరిగి వెళ్లింది. చనిపోయినతను మంగాసికి చుట్టం కాడు, స్నేహితుడూ కాడు.

తియార్మాకు ఇద్దరు కొడుకులు, పెద్దవాడు బిన్సార్, చిన్నవాడు పతార్. పతార్ పదిహేనేళ్ల వయసులో మేనమామ దగ్గరికి వచ్చి ఎనిమిదేళ్లు ఉన్నాడు. సెంతానీ హైస్కూల్లో చదివాడు, తరువాత రెండేళ్లు విమానాశ్రయంలోనే పనిచేశాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో అతను మేనల్లుడిలా కాక కొడుకులా పెరిగాడు. తరువాత సొంతూరు వెళ్లి కాఫీ తోట వేసుకున్నాడు, దుమా అనే అమ్మాయిని పెళ్లిచేసుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. ప్రతి శనివారం మామయ్య వరండాలో కూర్చునే వేళకు ఫోను చేసేవాడు. ఎక్కువగా ఏమీ మాట్లాడుకునేవారు కారు. కాఫీ ధర ఎంత, వాన పడిందా, మోకాలు ఎలా ఉంది అనుకుని పెట్టేసేవారు.

2018 సెప్టెంబరు 13, గురువారం. ఉదయం తొమ్మిది గంటలకు నేను మంగాసి వరండాలో కాఫీ తాగుతున్నాను. ఆయన ఫోను మోగింది. మాట్లాడింది బిన్సార్. వాళ్ల ఊరికి దగ్గరి సిలాంగిత్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో అతనికి విమాన టికెట్లు అమ్మే దుకాణం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

"తులాంగ్, పతార్ పోయాడు," అన్నాడు. మేనమామను మేము తులాంగ్ అంటాం.

మంగాసి కప్పు కింద పెట్టాడు. "ఎప్పుడు?"

"తెల్లారుజామున ఐదింటికి. గుండె. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే."

"మూయకండి. వస్తున్నాను."

"మీరు లేకుండా ఎలా మూస్తాం తులాంగ్?"

"విను. ఇవాళ ఒంటిగంటన్నర విమానం మకాస్సర్‌కి. సాయంత్రం జకార్తా. అక్కడ నుంచి మీ సిలాంగిత్‌కి రోజుకి ఒక్కటే, రేపు పదింటికి. రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి మీ గడపలో ఉంటాను. పెద్దలకి చెప్పు."

"చెప్తాను తులాంగ్. రేపు ఒంటిగంట."

స్పీకరు వేసి ఉంది. ఆ మాటలు నేను చెవులారా విన్నాను, ఆ సాయంత్రమే మకాస్సర్‌లో కూర్చుని రాసుకున్నాను కూడా. మంగాసి మోకాలు అప్పటికే పాడై ఉండడంతో ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ బయలుదేరాను. బీరువాలోంచి ఉలోస్ తీసి, కాగితంలో చుట్టి, సంచిలో కాక చేతిలోనే పట్టుకున్నాడు.

విమానాలు మాకు ద్రోహం చేయలేదు. మూడూ వేళకే లేచాయి, వేళకే దిగాయి. మకాస్సర్‌కు మూడు గంటల ఇరవై నిమిషాలు, అక్కడ రెండు గంటల ఎదురుచూపు, జకార్తాకు మరో రెండు గంటల ఇరవై నిమిషాలు, విమానాశ్రయం కుర్చీల్లో రాత్రి, మర్నాడు సిలాంగిత్‌కు రెండు గంటలకు కొంచెం తక్కువ. మకాస్సర్‌లో దిగగానే మంగాసి బిన్సార్‌కు సందేశం పంపాడు: "మకాస్సర్ చేరాను. రేపు పదింటి విమానమే." జకార్తాలో దిగి ఇంకొకటి పంపాడు: "జకార్తాలో ఉన్నాను. ఒంటిగంటకి వస్తాను." రెండింటికీ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.

"చావు ఇల్లు కదా లాయే, తీరిక ఉండదు," అన్నాడు మంగాసి.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు నిమిషాలకు మా వ్యాను దొలోక్‌సంగ్గుల్‌లో సిమామోరా వాళ్ల ఇంటి ముందు ఆగింది. వాకిలి నిండా జనం ఉన్నారు. ఆచారం ప్రకారం జరిగే మాంసం పంపకం అయిపోవచ్చింది, బాకాలు ఊదేవాళ్లు భోజనాలు చేస్తున్నారు. పెట్టె వాకిట్లో ఉంది, మూత వేసి మేకులు కొట్టేశారు. పెట్టె పక్కనే చాపమీద తియార్మా తలమీద గుడ్డ కప్పుకుని కూర్చుంది.

వెనుక వరుసలో ఎవరో అన్నారు: "ఎవరది?"

"సెంతానీ మర్బున్ లాగున్నాడు."

"రానన్నాడుగా."

"మాంసం పంచుతున్నారని తెలిసుంటుంది."

మంగాసి ఆగాడు. చుట్టిన కాగితం చేతిలో అలాగే ఉంది. "ఎవరన్నారు రానని?"

సభ నడిపిస్తున్న పెద్దాయన, ఓంపు సౌలీనా అని పిలిచే ముసలాయన, మైకు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. మేనమామ వైపువాళ్లను మేము రాజా అని పిలుస్తాం. ఆయన కూడా అలాగే పిలిచాడు.

"రాజా, తప్పు మాది కాదు. నిన్న ఇక్కడ ఏడింటికి మీకు ఫోను వచ్చింది. ఆరు గంటల ప్రయాణం. మీరు పగలు ఒంటిగంటకల్లా రావాలి. సాయంత్రం దాకా చూశాం. ఇవాళ పొద్దున తొమ్మిది దాకా చూశాం. మీ నుంచి కబురు లేదు. ఇంకా ఎంతసేపు చూడమంటారు?"

"ఆరు గంటలని ఎవరు చెప్పారు?"

"ఫోనులో ఉందండీ. మేమందరం చూశాం. బిన్సార్, ఏదీ చూపించు."

బిన్సార్ ఫోను తీశాడు. ఎక్కడి నుంచి ఎక్కడికైనా విమాన దూరం చెప్పే పేజీ ఒకటి తెరిచాడు. జయపుర నుంచి సిలాంగిత్ నాలుగు వేల ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు, గాలిలో సమయం ఐదు గంటల యాభై నిమిషాలు అని ఉంది. పటం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక ఎర్రగీత. పక్షి అయినా ఆ గీతమీద ఎగరదు. ఆ పేజీని నేను తరువాత ముద్రించి పెట్టుకున్నాను. దాని అడుగున సన్న అక్షరాలతో ఇది సరళరేఖ దూరం మాత్రమేనని స్పష్టంగా రాసి ఉంది. ఆ అక్షరాలు చదవగలిగినవాడు ఆ వాకిట్లో ఒక్కడే, టికెట్లు అమ్ముకుని బతికేవాడు.

మంగాసి ఫోను చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"ఈ విమానం ఏ కంపెనీదిరా బెరే?" అన్నాడు మేనల్లుడితో. "ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ రన్‌వే పక్కనే నిలబడ్డాను. ఈ విమానం నాకెప్పుడూ కనబళ్లేదే."

"తులాంగ్, పెద్దలు ఎంత దూరమని అడిగారు. నేను చూపించాను."

"నేను రేపు ఒంటిగంట అన్నాను."

"జనంలో సరిగా వినపళ్లేదు."

"మకాస్సర్ నుంచి రాశాను."

"చార్జింగు లేదు తులాంగ్."

"నీలం గుర్తులు పడ్డాయి."

బిన్సార్ పక్కకు చూశాడు. అతను చూసినవైపు మెదాన్ నుంచి వచ్చిన మర్బున్ కూర్చుని ఉన్నాడు. పెద్ద కాంట్రాక్టరు. ఆయన కూడా మర్బున్ వంశమే, కాని ఆ ఇంటికి మేనమామ కాడు. గురువారం సాయంత్రమే వచ్చాడు. ఉలోస్ ఆయన చేతే కప్పించారు. ఆ మరుసటి ఏడు జిల్లా సభ ఎన్నికల్లో బిన్సార్ పేరు ఒక పార్టీ జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. ఆ జాబితా వచ్చిన పత్రిక ముక్క నా దగ్గర ఉంది. దానికింద కాంట్రాక్టరుగారి ఫొటో కూడా ఉంది. అంతకుమించి నేను వ్యాఖ్యానించను.

కాంట్రాక్టరు లేచి వచ్చాడు. "అన్నా, మీరు రారని చెబితేనే నేను చెయ్యి వేశాను. తెలిస్తే వేసేవాణ్ణి కాదు." అది నిజమో కాదో నాకు తెలియదు. ముఖంలో మాత్రం ఇబ్బంది కనిపించింది.

అప్పుడు దుమా లేచింది. భర్త చనిపోయి ఒక్కరోజైన మనిషి, గొంతు అప్పటికే పోయింది. "తెరవండి," అంది. "ఆయన కప్పాలి. ప్రతి శనివారం ఎవరికి ఫోను చేసేవాడో నాకు తెలుసు. తెరవండి."

ఓంపు సౌలీనా తలూపాడు. "అడిగే హక్కు రాజాకి ఉంది. అడిగితే తెరుస్తాం. కాని లోపల ఒక ఉలోస్ ఉంది. అది తీసి ఇది కప్పాలి. చనిపోయినవాణ్ణి రెండుసార్లు కదపాలి. మీరే చెప్పండి."

బాకా ఊదేవాడు చేతిలో ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. మంగాసి పెట్టె వైపు చూడలేదు, చాప మీద ఉన్న అక్కను చూశాడు. తోబుట్టువులైన ఆడామగా మాలో ఒకరినొకరు ఇతో అని పిలుచుకుంటారు.

"ఇతో, తెరవమంటావా?"

తియార్మా తలెత్తలేదు. "ఆలస్యమైపోయింది ఇతో. వానొచ్చేలా ఉంది."

మంగాసి కాగితం విప్పి, ఉలోస్‌ను తన ఎడమ ముంజేతి మీద వేసుకున్నాడు. పెట్టె వెంట సమాధి దాకా కుంటుతూ నడిచాడు. మట్టి పడేటప్పుడు కూడా అది ఆయన చేతిమీదే ఉంది. వాన రాలేదు.

తిరిగి వచ్చే దారిలో జకార్తాలో మకాస్సర్ విమానం ఎక్కాక ఆయన అడిగాడు: "అక్క తెరవమంటుందనుకున్నాను లాయే. నువ్వనుకోలేదూ?" నేను అనుకున్నానని చెప్పాను.

మాకంటే ముందే కబురు జయపుర చేరింది. సొంత మేనల్లుడి మీద ఉలోస్ కప్పడానికి మంగాసి వెళ్లనన్నాడని, వెళ్లినా భోజనాల వేళకు వెళ్లాడని చెప్పుకున్నారు. అక్టోబరులో వామెనా రోడ్డులో ఒక చావు జరిగింది. ఎవరూ మంగాసి దగ్గరికి రాలేదు. ఎవరో కుర్రకారు ఫోను చూసి, మేనమామ సాయంత్రానికి వస్తాడని చెప్పారట. ఆయన మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. అదృష్టవశాత్తూ అక్కడ ఎవరికీ తొందర లేదు. సంఘ సమావేశంలో ఒకాయన మంగాసి ముందే నవ్వుతూ అన్నాడు: "తన ప్రయాణం లెక్కే తప్పినవాడు మనకేం లెక్క చెప్తాడు?" నేను లేచి బోర్డింగ్ చీటీలు బల్లమీద పరిచాను. వాళ్లు మర్యాదగా చూశారు. చూసి, కాఫీ తెప్పించారు.

నవంబరు 22న కొరియర్‌లో ఒక కాగితం వచ్చింది. దొలోక్‌సంగ్గుల్ మర్బున్ పెద్దలు ఆ వ్యవహారాన్ని పట్టుకున్నారు. అసలు మేనమామ బతికి ఉండగా, ఆయన మాట లేకుండా వేరొకరు కప్పిన ఉలోస్ చెల్లదని, దానివల్ల పతార్ పిల్లల పెళ్లిళ్లలో మర్బున్‌లు నిలబడరని అన్నారట. బిన్సార్‌కు పరిష్కారం దొరికింది. మంగాసి సంతకం చేయాల్సిన ప్రకటన టైపు చేయించి పంపాడు.

వరండాలో మంగాసి దాన్ని పైకి చదివాడు. "'దూరభారం దృష్ట్యా నేను స్వయంగా హాజరు కాలేనందున, నా తరఫున ఉలోస్ కప్పవలసిందిగా శ్రీ మర్బున్ వారిని కోరి పంపితిని.' ఇది మీ కోర్టువాళ్ల భాషలా ఉందే లాయే. నువ్వు రాశావా?"

"నేను రాస్తే తప్పులుండవు. మూడో లైనులో ఒకటుంది."

ఆయన నవ్వాడు. అప్పుడే ఫోను మోగింది. అంత్యక్రియల తరువాత తియార్మా చేసిన మొదటి ఫోను అది. స్పీకరు ఆయన ఎప్పుడూ వేసే పెడతాడు, చెవి సరిగా వినపడదు.

"కాగితం అందిందా ఇతో?"

"అందింది. చదువుతున్నాను."

"చదవడానికేముంది, నాలుగు లైన్లేగా. సంతకం పెట్టి పంపెయ్యి. పిల్లలకి చెడ్డపేరు వస్తోంది. దుమా నాతో మాట్లాడ్డం మానేసింది. నాకోసం పెట్టు."

"నేను పంపానని రాశారు."

"ఏదో ఒకటి రాయాలిగా."

"పెద్దలతో ఆరు గంటలని చెప్పినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? పతార్ తల దగ్గర."

"విన్నావా?"

"విన్నాను."

"పతార్‌కి మలేరియా వచ్చినప్పుడు నువ్వు ఇక్కడికొచ్చావు. 2001లో. ఎంతసేపు పట్టింది?"

అవతల ఆమె వెనుక ఎక్కడో కోడి కూసింది.

"రెండు రోజులు," అంది తియార్మా. "మెదాన్ దాకా బస్సు. ఎన్ని విమానాలు మారానో గుర్తు లేదు. బియాక్‌లో ఆపేశారు. నీ ఇంటికొచ్చేసరికి నా కాళ్లు వాచిపోయాయి. నువ్వు వేణ్ణీళ్లలో ఉప్పేసి పెట్టావు."

"అయితే నీకు తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పలేదే."

"బిన్సార్ నావైపు చూశాడు ఇతో. వాడు చూస్తుంటే నోరు రాలేదు. ఒకడు పెట్టెలో ఉన్నాడు. నాకింక వీడొక్కడే."

"పెట్టెలో ఉన్నవాడి కోసమే కదా నేను వచ్చింది."

"తెలుసు. నన్ను తిట్టు. సంతకం మాత్రం పెట్టు."

మంగాసి కాగితాన్ని బల్లమీద పెట్టి మడతలు చేత్తో సాపుచేశాడు. "ఇప్పుడు నాతో అన్న మాట ఆదివారం చర్చి అయ్యాక ఓంపు సౌలీనాతో అను. ఆరు గంటలు కాదని నీకు తెలుసని, నేను వస్తున్నానని బిన్సార్‌కి తెలుసని. అది అన్న రోజున ఆ మెదాన్ ఆయన కప్పిందే నేను కప్పినట్టు ఒప్పుకుంటాను. పెద్దలు అడిగితే నా నోటితో చెప్తాను. కాగితమే అక్కర్లేదు."

"ఎలా అనను ఇతో? వాడికి ఓట్లున్నాయి. వాడు ఈ ఊళ్లో తలెత్తుకు తిరగాలి."

"సరే."

"పెడతావా?"

"భోంచేశావా?"

"ఇంకా లేదు."

"భోంచెయ్యి. వేళ దాటింది."

ఫోను పెట్టేశాడు. నేను కలం తీసి ఆయన ముందు పెట్టాను. అది నేను చేసిన తప్పు, ఒప్పుకుంటున్నాను. ఎంతైనా అక్క కదా, పెట్టేస్తాడనుకున్నాను. పెట్టేస్తే ఈ గొడవ ముగుస్తుందని కూడా అనుకున్నాను.

ఆయన కలం నా వైపే తోశాడు.

"నా తరఫున ఎవరినో పంపానట లాయే. నేనెవర్నీ పంపలేదు. నేనే వెళ్లాను. ఇది నీ దగ్గర పెట్టుకో."

ఆ కాగితం నా ఫైలులో ఉంది. సంతకం చేయవలసిన చోట చుక్కల గీత మీద ఏమీ లేదు. ఆ తరువాత నాలుగు నెలలకు స్మారక పుస్తకం అచ్చయింది. ప్రకటన రానందువల్ల నలభై ఒకటో పేజీలో 'రాలేనందున' అని ఉండవలసిన మాటను 'ఇష్టపడనందున' అని మార్చారు. తియార్మా ఫోటో ఆ పేజీకి ఎదురుగానే వేశారు. మంగాసి ఆ పుస్తకం ఒకసారి చూశాడు. ఆ ఎదుటి పేజీ దగ్గర కాసేపు ఆగి, నాకు తిరిగి ఇచ్చేశాడు. ఆమె నుంచి మళ్లీ ఫోను రాలేదు, ఆయనా చేయలేదు. శనివారాలు ఆయన వరండాలోకి రాడు, ఎందుకని నేనూ అడగను.